మన పేరు చెప్పి మాట్లాడేవాళ్లను మనమే లెక్క అడగాలి

(విశాఖపట్నం ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలో ఒక ఆదివారం సాయంత్రం చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. పరవాడ నుంచి, గాజువాక నుంచి, భీమిలి నుంచి కూడా వచ్చారని నిర్వాహకులు చెప్పారు. ముందు వరసలో పెదజాలారిపేట పెద్దలున్నారు. యూనివర్సిటీ పిల్లలు వెనక గోడకు ఆనుకుని నిలబడ్డారు. బాబూ, ఇటు కుర్చీలు ఖాళీగా ఉన్నాయి, వచ్చి కూర్చోండి. కాస్త ఎక్కువసేపే మాట్లాడతాను.

ఏటా చివర్లో ఏదో ఒక దేశంలో వాతావరణ సదస్సు జరుగుతుంది. కాప్ అని పేపర్లలో చదువుతుంటారు. 1992లో కుదిరిన ఐక్యరాజ్యసమితి ఒప్పందంలో ఉన్న దేశాలన్నీ రెండు వారాల పాటు కూర్చుని బేరాలాడతాయి. 2024లో అజర్‌బైజాన్‌లోని బాకూ, 2025లో బ్రెజిల్‌లోని బెలెం. 2026 నవంబరులో తుర్కియేలోని అంటాల్యా. మన దేశం నుంచి పర్యావరణ మంత్రి వెళతారు. పర్యావరణ శాఖ, ఆర్థిక శాఖ, విదేశాంగ శాఖ అధికారులు వెళతారు. అక్కడ మైకు ముందుకు వచ్చి కోట్లాది భారతీయుల తరఫున మాట్లాడుతున్నామంటారు. ఆ కోట్లలో ఈ హాల్లో కూర్చున్న మనమూ ఉన్నాం. మరి మన తరఫున వాళ్లేం అడిగారు, ఏం ఒప్పుకున్నారు, ఏం వదులుకున్నారు? మనలో ఎంతమందికి తెలుసు?

పిల్లకు సంబంధం మాట్లాడి రమ్మని ఊళ్లో పెద్దమనిషిని పంపిస్తాం. ఆయన గుమ్మంలో చెప్పులు విప్పకముందే ఇంటిల్లిపాదీ చుట్టూ చేరతాం. కట్నమెంత అడిగారు, మీరేమన్నారు, ముహూర్తం ఎప్పుడన్నారు అని అడుగుతాం. ఆయన మీద నమ్మకం లేక కాదు. రేపు ఆ మాటకు కట్టుబడాల్సింది మనం కాబట్టి అడుగుతాం. దేశం తరఫున వెళ్లినవాళ్లను అలా అడిగే అలవాటు మనకింకా రాలేదు. అది రావాలన్నదే ఈ సాయంత్రం నేను చెప్పదలుచుకున్నది.

ముందుగా వాళ్ల వాదనేమిటో న్యాయంగా చెప్పుకుందాం. మన ప్రతినిధులు ముప్పై ఏళ్లకు పైగా ఒకే మాట మీద నిలబడ్డారు. భూమిని వేడెక్కించింది ప్రధానంగా ధనిక దేశాలు, కాబట్టి మొదటి బాధ్యత వాళ్లది, డబ్బు ఇవ్వాల్సిందీ వాళ్లే అంటారు. దానికి ఆధారంగా తలసరి లెక్క చూపిస్తారు. మన దేశంలో మనిషికి ఏడాదికి సుమారు 2 టన్నుల కార్బన్ డయాక్సైడ్. ప్రపంచ సగటు 4 టన్నులు దాటుతుంది. అమెరికాలో 14 టన్నుల దాకా ఉంటుంది. ఆ వాదన నూటికి నూరుపాళ్లు న్యాయమైనదే. దాన్ని వాళ్లు గట్టిగా వినిపిస్తున్నందుకు నాకు గౌరవముంది.

అయితే ఆ 2 టన్నుల సగటును అంత కిందకు లాగుతున్నది ఎవరు? ఏసీలు, రెండేసి కార్లు ఉన్న ఇళ్లు కాదు. తెల్లవారకముందే తెప్ప మీద వేటకెళ్లే జాలరి, ఏజెన్సీలో కాఫీ తోటకు నడిచివెళ్లే రైతు, షిఫ్టుకు సిటీ బస్సెక్కే కాంట్రాక్టు కార్మికుడు. వీళ్లు తక్కువ వాడుతున్నారు కాబట్టే మన దేశానికి ప్రపంచం ముందు అడిగే హక్కు వచ్చింది. ఆ చర్చలో మన ప్రతినిధి చేతిలో ఉన్న పెట్టుబడి వీళ్ల పేదరికమే. పెట్టుబడి పెట్టినవాళ్లకు లాభమెంత వచ్చిందో, అది ఎవరి చేతికి పోయిందో అడిగే అధికారం ఉంటుందా, ఉండదా? ఈ ప్రశ్న వదిలిపెట్టకండి. మిగతాదంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

ఇప్పుడు మన ఊరి సంగతికి వద్దాం. 2014 అక్టోబరు 12. హుద్‌హుద్ తుపాను గురించి ఈ హాల్లో ఎవరికీ నేను చెప్పక్కర్లేదు. విమానాశ్రయం పైకప్పు ఎగిరిపోయింది. కైలాసగిరి మీద పచ్చదనం ఒక్కరోజులో మాడిపోయినట్టయింది. బోట్లు పోయాయి, వలలు పోయాయి. రోజుల తరబడి కరెంటు లేదు. రెండు రోజుల తర్వాత ప్రధాని వచ్చి 1,000 కోట్ల రూపాయల తక్షణ సాయం ప్రకటించారు. రాష్ట్ర ప్రభుత్వం వేసిన నష్టం అంచనా 20 వేల కోట్లు దాటింది.

ఆ తర్వాత ఏం జరిగిందో చూడండి. మన ఊళ్లో చాలా వీధుల్లో ఇప్పుడు కరెంటు స్తంభాలు లేవు, తీగలు భూమి కిందకు పోయాయి. మళ్లీ తుపాను వస్తే తెగిపోకూడదని చేసిన మంచి పని అది. దానికి డబ్బు ఎక్కడిది? 2015లో ప్రపంచబ్యాంకు మంజూరు చేసిన విపత్తు పునరుద్ధరణ ప్రాజెక్టు నుంచి వచ్చింది. అందులో ప్రపంచబ్యాంకు వాటా 25 కోట్ల డాలర్లు. అది విరాళం కాదు, రుణం. సులువైన షరతుల మీద ఇచ్చిందే అయినా రుణం రుణమే, తీర్చాలి. అంటే భూమిని వేడెక్కించడంలో దాదాపు వాటాయే లేని జనం తుపాను దెబ్బ తిని, రేపటి తుపానుకు తట్టుకునే ఏర్పాటు కూడా అప్పు చేసి కట్టుకున్నారు. ఒక్క తుపానుకు వేడెక్కిన భూమే కారణమని ఎవరూ చెప్పలేరు, నేనూ చెప్పను. సముద్రం వేడెక్కేకొద్దీ తుపాన్ల బలం పెరుగుతుందన్నది మాత్రం శాస్త్రవేత్తలు పదేపదే చెబుతున్నారు.

ఈ అప్పు సంగతి తెలిస్తేనే బాకూలో జరిగింది అర్థమవుతుంది. 2024 నవంబరులో అక్కడ ప్రధానమైన బేరం డబ్బు గురించే. 2009లో కోపెన్‌హాగెన్ సదస్సులో ధనిక దేశాలు 2020 నాటికి ఏడాదికి 10 వేల కోట్ల డాలర్లు సమకూరుస్తామన్నాయి. రెండేళ్లు ఆలస్యంగా, 2022లో గాని ఆ అంకె చేరలేదు, అది కూడా వాళ్ల లెక్క ప్రకారం. అందులో పెద్ద భాగం రుణాలే. ఇప్పుడు కొత్త అంకె తేల్చాలి. వర్ధమాన దేశాలు ఏడాదికి 1.3 లక్షల కోట్ల డాలర్లు అడిగాయి. చివరికి 2035 నాటికి ఏడాదికి 30 వేల కోట్ల డాలర్లు అని తేల్చారు. అది కూడా ప్రభుత్వాల నుంచి, ప్రైవేటు నుంచి, బ్యాంకుల నుంచి, ఎక్కడి నుంచైనా రావచ్చట. రుణమెంత, తిరిగి ఇవ్వక్కర్లేని గ్రాంటు ఎంత అన్న గీత లేదు.

ఆ అర్ధరాత్రి దాటిన సమావేశంలో మన ప్రతినిధి, ఆర్థిక శాఖ సలహాదారు చాందినీ రైనా, నిర్ణయానికి ముందే మాట్లాడతామని అడిగినా అధ్యక్షుడు సుత్తి కొట్టి ఆమోదం అయిపోయిందన్నారు. తర్వాత ఆమె లేచి, ఈ పత్రం కంటికి కనిపించే భ్రమ తప్ప ఇంకేమీ కాదని, దీన్ని భారత్ ఒప్పుకోదని చెప్పారు. ఆ వీడియో ఇప్పటికీ దొరుకుతుంది, పిల్లలు తప్పక చూడండి. నాకైతే గర్వంగా అనిపించింది.

గర్వపడ్డాక కూర్చుండిపోకూడదు. రెండు ప్రశ్నలు వెంటనే రావాలి. ఆ గదిలో పట్టుబట్టిన మన బృందం తర్వాత ఏడాది బెలెంలో గ్రాంట్ల వాటా గురించి రాతపూర్వకంగా ఏం అడిగింది? రెండోది, వాళ్ల చేతిలో హుద్‌హుద్ లాంటి ఉదాహరణ ఉందా? ఫలానా నగరం, ఫలానా తుపాను, ఇంత నష్టం, ఇంత అప్పు అని చెప్పగలిగే కాగితం మన రాష్ట్రం నుంచి ఢిల్లీకి వెళ్లిందా? నష్టపరిహార నిధి ఒకటి పెట్టారు. 2022లో ఈజిప్టులో నిర్ణయించి, 2023లో దుబాయ్‌లో తొలిరోజే ప్రారంభించారు. మొదటి రెండేళ్లలో ప్రపంచమంతా కలిసి ఆ నిధికి ప్రకటించింది 100 కోట్ల డాలర్లు కూడా కాలేదు. హుద్‌హుద్ నష్టం అంచనా ఒక్కటే, ఆనాటి మారకం లెక్కన, 300 కోట్ల డాలర్లు పైమాటే. విశాఖకు వచ్చిన ఒక్క తుపాను ఖర్చులో మూడో వంతు కూడా లేని నిధితో ప్రపంచమంతటినీ సరిపెట్టుకోమంటున్నారు. ఇలాంటి పోలిక మన ప్రతినిధి నోట వినిపించాలంటే అది ఇక్కడి నుంచే వెళ్లాలి.

ఇక ఇంటి వైపు లెక్క. అడగాల్సింది బయటివాళ్లనే అనుకుంటే సగం పనే చేసినట్టు.

2021 నవంబరు 1న గ్లాస్గో సదస్సులో ప్రధాని ఐదు మాటలిచ్చారు, పంచామృతమన్నారు. 2030కల్లా శిలాజేతర, అంటే బొగ్గు, చమురు, గ్యాసు కాని, విద్యుత్ సామర్థ్యం 500 గిగావాట్లు. అప్పటికి మన ఇంధన అవసరాల్లో 50 శాతం పునరుత్పాదక వనరుల నుంచి. ఉద్గారాల్లో, అంటే గాలిలోకి వదిలే కార్బన్‌లో, 100 కోట్ల టన్నుల తగ్గింపు. జీడీపీతో పోల్చి చూసే ఉద్గార తీవ్రత 45 శాతం తగ్గింపు. 2070కి నెట్ జీరో, అంటే గాలిలోకి ఎంత వదులుతామో అంతా తిరిగి పీల్చుకునే ఏర్పాటు. పేపర్లన్నీ మొదటి పేజీలో వేశాయి. తొమ్మిది నెలల తర్వాత, 2022 ఆగస్టులో, మన ప్రభుత్వం ఐక్యరాజ్యసమితికి అధికారిక పత్రం దాఖలు చేసింది. రెండూ పక్కపక్కన పెట్టి చదవండి. 45 శాతం ఉంది. 500 గిగావాట్లు లక్ష్యంగా లేదు. 100 కోట్ల టన్నులు లేవు. 50 శాతం ఉంది గాని, అది ఇంధన అవసరాల్లో సగం కాదు, విద్యుత్ స్థాపిత సామర్థ్యంలో, అంటే ప్లాంట్లన్నీ గరిష్ఠంగా ఇవ్వగలిగే కరెంటులో, సగం. పునరుత్పాదక అన్నచోట శిలాజేతర అని వచ్చింది, అంటే అణు విద్యుత్ కూడా కలుస్తుంది.

తేడా ఎంతో పరవాడ వెళితే కళ్లకు కడుతుంది. సింహాద్రి ఎన్టీపీసీలో 2,000 మెగావాట్ల బొగ్గు యూనిట్లున్నాయి. అక్కడే రిజర్వాయరు మీద నీళ్లలో తేలే సోలార్ పలకలు పరిచారు, 25 మెగావాట్లు, 2021లో మొదలైంది. పలకలు పగలు, అదీ ఎండ ఉన్నప్పుడే పనిచేస్తాయి. బొగ్గు యూనిట్ రాత్రీ పగలూ తిరుగుతుంది. ఒక మెగావాటు సోలార్, ఒక మెగావాటు బొగ్గు ఏడాదికిచ్చే యూనిట్లు సమానం కావు. అందుకే స్థాపిత సామర్థ్యంలో సగం దాటామని 2025లో ప్రకటించినా, దేశంలో తయారయ్యే కరెంటులో సింహభాగం ఇప్పటికీ బొగ్గు నుంచే వస్తోంది. గడువుకు ఐదేళ్ల ముందే సగం దాటడం చిన్న విషయం కాదు, మెచ్చుకోవాల్సిందే. గ్లాస్గోలో మైకు ముందు చెప్పింది మాత్రం అది కాదు.

వేదిక మీద చెప్పినదాన్ని కాగితం మీద తగ్గించడానికి కారణాలుండొచ్చు. డబ్బు రాలేదు కాబట్టి తగ్గించామనొచ్చు, అది బలమైన కారణమే. ఆ కారణాన్ని మనకు చెప్పాలి. అడిగితేనే చెబుతారు. కొత్త పత్రం వచ్చిన ప్రతిసారీ ఇలాగే పక్కపక్కన పెట్టి చదవాలి.

(సభలో నుంచి ఒకరు: మాస్టారూ, వాళ్లు బయటివాళ్లతో పోరాడుతుంటే ఇక్కడి నుంచి మనం ప్రశ్నలేస్తే దేశం బలం తగ్గదా?)

మంచి ప్రశ్న అడిగారు, కూర్చోండి. తగ్గదండీ, పెరుగుతుంది. 1997లో, ధనిక దేశాలు ఉద్గారాలు తగ్గించాలన్న క్యోటో ఒప్పందానికి కొన్ని నెలల ముందు అమెరికా సెనేట్ 95 ఓట్లతో, ఒక్క వ్యతిరేక ఓటు కూడా లేకుండా తీర్మానం చేసింది. వర్ధమాన దేశాలకు బాధ్యత పెట్టని ఒప్పందాన్ని ఒప్పుకోబోమంది. ఆ తీర్మానం అన్యాయమైనదని నా అభిప్రాయం. దాని ఫలితం మాత్రం గమనించండి. ఆ తర్వాత చాలా చర్చల్లో అమెరికా ప్రతినిధి, మా సెనేట్ ఒప్పుకోదండీ అని చేతులెత్తేసి తనకు కావలసింది రాబట్టుకున్నాడు. వెనక అడిగేవాళ్లున్న ప్రతినిధికి బేరంలో పట్టు ఎక్కువ. మా తీరం జనం ఒప్పుకోరు, మా పార్లమెంటులో నిలదీస్తారు అని మన ప్రతినిధి చెప్పగలగాలి.

మన దగ్గర చిక్కేమిటంటే, అంతర్జాతీయ ఒప్పందాన్ని ఆమోదించడానికి పార్లమెంటులో ఓటింగు అక్కర్లేదు. కేంద్ర క్యాబినెట్ నిర్ణయిస్తే చాలు. భూమి వేడెక్కడాన్ని అదుపు చేయాలన్న పారిస్ ఒప్పందాన్ని 2016 అక్టోబరు 2న, గాంధీ జయంతి రోజున, అలాగే ఆమోదించాం. దాన్ని అమలు చేసే చట్టాలకే, రాజ్యాంగం 253వ అధికరణ కింద, పార్లమెంటు కావాలి. కాబట్టి అడిగే సందర్భాన్ని మనమే కల్పించుకోవాలి. 2009లో కోపెన్‌హాగెన్ వెళ్లేముందు అప్పటి మంత్రి జైరాం రమేశ్ ఉద్గార తీవ్రత 20 నుంచి 25 శాతం తగ్గిస్తామని లోక్‌సభలో ప్రకటించారు. ప్రతిపక్షం నిలదీసింది. చర్చల బృందంలోని సీనియర్లే కొందరు అసంతృప్తిగా ఉన్నారన్నది పేపర్లకెక్కింది. ఆయన జవాబు చెప్పాల్సి వచ్చింది, తిరిగొచ్చాక రాజ్యసభలో కూడా చెప్పారు. ఎవరి వాదన సరైనదన్నది పక్కన పెట్టండి. అలాంటి చర్చ ప్రతి సదస్సుకు ముందూ, తర్వాతా జరగాలి.

మన చేతిలో ఏమున్నాయి? చాలానే ఉన్నాయి. సదస్సు ప్రధాన సమావేశాలు ఇంటర్నెట్‌లో ప్రత్యక్ష ప్రసారమవుతాయి. ప్రతి దేశం రాసి ఇచ్చిన అభిప్రాయ పత్రాలు ఐక్యరాజ్యసమితి వాతావరణ విభాగం సైటులో పెడతారు. ఏ దేశం బృందంలో ఎవరెవరున్నారో జాబితా కూడా ప్రచురిస్తారు. ఎర్త్ నెగోషియేషన్స్ బులెటిన్ అని ఒకటుంది, 1992 నుంచీ వస్తోంది. గదిలో ఏ దేశం ఏమందో రోజువారీగా రాస్తుంది. ముసాయిదాలో చదరపు బ్రాకెట్లలో ఉన్న భాగమంటే ఇంకా తగవు తేలనిదని గుర్తు. రోజూ ఉదయం ఏ బ్రాకెట్లు పోయాయో, ఏవి మిగిలాయో చూస్తే బేరం ఎటు పోతోందో తెలిసిపోతుంది. ఇదంతా ఇంగ్లీషులోనే ఉంటుంది, నిజమే. అందుకే యూనివర్సిటీ పిల్లలను ప్రత్యేకంగా పిలిచాం.

తర్వాత సమాచార హక్కు. కేంద్ర శాఖలకు ఆన్‌లైన్‌లోనే పెట్టొచ్చు, రుసుము 10 రూపాయలు, 30 రోజుల్లో జవాబివ్వాలి. ఎలా అడగాలన్నదే ముఖ్యం. మన దేశ వైఖరి ఏమిటని అడిగారనుకోండి, విదేశీ సంబంధాలు దెబ్బతింటాయని సెక్షన్ 8 చూపించి తోసిపుచ్చడం చాలా తేలిక. అలా కాదు. సదస్సుకు ముందు తీరప్రాంత రాష్ట్రాలతో సమావేశం పెట్టారా, పెడితే తేదీ, హాజరు, మినిట్స్ ఇవ్వండి అని అడగండి. ఆంధ్రప్రదేశ్ నుంచి వచ్చిన లేఖల నకళ్లివ్వండి. మత్స్యకార సంఘాలను సంప్రదించి ఉంటే ఆ వివరాలివ్వండి. ఇవి రహస్యాలని ఎవరూ అనలేరు. సంప్రదించలేదని జవాబొస్తే అదే మనకు పెద్ద ఆధారం.

ఒక జాగ్రత్త చెప్పాలి. మనం పంపే ఆధారం గట్టిగా ఉండాలి. ఆర్‌కే బీచ్ కోతనంతా భూతాపం ఖాతాలో వేసి రాయకండి. మన తీరం వెంట ఇసుక ఎక్కువగా దక్షిణం నుంచి ఉత్తరానికి కదులుతుంది. ఔటర్ హార్బర్ గోడలు దాన్ని ఆపేస్తాయి. అందుకే పోర్టు డ్రెడ్జింగ్ చేసి ఆ ఇసుకను బీచ్‌లోకి పంపు చేస్తూంటుంది. అది మనిషి కట్టిన గోడ వల్ల వచ్చిన సమస్య, పైన సముద్రమట్టం పెరుగుదల తోడవుతోంది. ఏది ఎంతో విడదీసి చెప్పాలి. ఒక్క అబద్ధపు లెక్క దొరికితే మిగిలిన తొమ్మిది నిజాలనూ తోసేస్తారు.

ఇంకొకటి, ఇది నన్ను బాగా బాధించే విషయం. విదేశాల్లో మన తీరాలు ప్రమాదంలో ఉన్నాయి, తట్టుకునే ఏర్పాట్లకు డబ్బివ్వండి అని అడిగేది పర్యావరణ మంత్రిత్వ శాఖ. 2019 జనవరిలో తీర నియంత్రణ నోటిఫికేషన్ మార్చింది కూడా అదే శాఖ. జనం ఒత్తుగా ఉండే గ్రామీణ తీరంలో, సముద్రపు పోటు గరిష్ఠ హద్దు నుంచి 200 మీటర్ల వరకు కట్టడాలు వద్దన్న గీతను 50 మీటర్లకు దించింది. బయట చెప్పే మాటకు, లోపల రాసే నోటిఫికేషన్‌కు పొంతన ఉండాలి కదా. ముందు వరసలో ఉన్న బాబాయిలకు ఈ 150 మీటర్ల తేడా అంటే ఏమిటో తెలుసు. వలలు ఆరేసుకునేది, తెప్పలు లాగి పెట్టుకునేది ఆ ఇసుకలోనే. మన ప్రతినిధి బాకూలో అడిగిన న్యాయం మనకు ఇక్కడ కూడా దక్కాలని అడుగుదాం. 2024లో సుప్రీంకోర్టు కూడా వాతావరణ మార్పు దుష్ఫలితాల నుంచి రక్షణ పొందడం రాజ్యాంగం 14, 21 అధికరణల కింద పౌరుల హక్కు అని చెప్పింది.

పరవాడ, గాజువాక కార్మికులకు రెండు మాటలు. బెలెంలో న్యాయమైన పరివర్తన కోసం ఒక యంత్రాంగం ఏర్పాటు చేయాలని నిర్ణయించారు. బొగ్గు తగ్గించే క్రమంలో కార్మికుడు రోడ్డున పడకూడదన్నది దాని ఉద్దేశం. యూరప్ వాళ్లు 2026 జనవరి నుంచి బయటి ఉక్కు మీద, దాని తయారీలో వెలువడిన కార్బన్‌ను బట్టి, కార్బన్ సుంకం మొదలుపెట్టారు, దాని మీద మన బృందం చర్చల్లో అభ్యంతరం చెబుతూనే ఉంది. ఉక్కునగరానికి ఈ రెండూ దూరపు కబుర్లు కావు. కాంట్రాక్టు కార్మికుడు కూడా ఆ యంత్రాంగం లెక్కలోకి వస్తాడా అని మీ యూనియన్లు ఇప్పుడే అడగాలి, సంతకాలయ్యాక కాదు.

ఇప్పుడు చేయబోయే పని. 2009లో కోపెన్‌హాగెన్ సదస్సులో కొన్ని దేశాల కుర్రాళ్లు తలా ఒకరు తమ దేశం బృందం వెంటే తిరిగి రోజూ ఇంటికి కబురు రాశారు. మనం ఇక్కడి నుంచే చేద్దాం. ఏటా జూన్‌లో జర్మనీలోని బాన్‌లో జరిగే అధికారుల సమావేశాలు సాధనకు పనికొస్తాయి, అసలు పరీక్ష నవంబరులో అంటాల్యా. నాలుగు జట్లు: డబ్బు, తట్టుకునే ఏర్పాట్లు, కార్మికులు, వాణిజ్యం. ప్రతి జట్టులో యూనివర్సిటీ పిల్లలతో పాటు ఆ పని తెలిసినవాళ్లు ఒకరుండాలి. జాలరి పెద్ద లేకుండా తట్టుకునే ఏర్పాట్ల జట్టు వద్దు. రోజూ రాత్రి మూడు నిమిషాల వాయిస్ మెసేజ్, తెలుగులో, చదువురాని అమ్మ వినగలిగేలా ఉండాలి.

మన ఎంపీకి ఇచ్చే ఉత్తరం సిద్ధం చేశాం. లోక్‌సభలో ప్రశ్న వేయాలంటే కనీసం పదిహేను రోజుల ముందు నోటీసివ్వాలి, అందుకే వర్షాకాల సమావేశాలకు ముందే అందజేస్తాం. మూడు ప్రశ్నలున్నాయి. గ్రాంట్ల వాటా మీద మన బృందం ఏ పత్రంలో ఏమని అడిగింది? గ్లాస్గోలో చెప్పిన 100 కోట్ల టన్నుల తగ్గింపు అధికారిక పత్రంలోకి ఎందుకు రాలేదు? అంటాల్యా వెళ్లేముందు తీరప్రాంత మత్స్యకారులతో సంప్రదింపు ఎప్పుడు, ఎక్కడ జరుపుతారు?

నకళ్లు తలుపు దగ్గర బల్ల మీద ఉన్నాయి. సంతకం పెట్టేముందు పూర్తిగా చదవండి. చదవలేనివాళ్లకు పిల్లలు చదివి వినిపిస్తారు. ఏదైనా మాట మార్చాలనిపిస్తే అక్కడే పెన్నుతో రాయండి, బుధవారం కూర్చుని అన్నీ చూసి తుది ప్రతి తయారుచేస్తాం. బాబాయ్, మీరు చెయ్యెత్తారు, ముందు మీరు మాట్లాడండి. మైకు అటివ్వండమ్మా.